కరవు కాలమున గిడ్డంగి: హోసూరు, కృష్ణగిరి సీమల అనుభవము

మన సీమ చరిత్ర యనగానే పెద్దలు కోటలను, పాళెగార్లను, టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములను తలచుకొందురు. అవి తలచుకొనదగినవే. కాని వానలు తప్పిన యేట ఈ నేలమీది మనుష్యుని బ్రదికించినది పెరటిలోని పాతర. ఆ పాతర చరిత్రను వ్రాసినవారు అరుదు. మేము ముప్పది యేండ్లకు పైగా సరకుల గిడ్డంగులలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో నిలిచిపోయినది. అయినను బస్తాల నడుమ గడచిన జీవితము కొంత నేర్పినది. ఆ ధైర్యముతో ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ప్రశ్న చిన్నది. సరకు చాలనప్పుడు, అందులోను చెడిపోవు సరకు చాలనప్పుడు, దానిని ఎట్లు కాపాడవలెను? దేనిని ముందు వెచ్చించి, దేనిని వెనుకకు ఉంచవలెను? ఈ ప్రశ్నకు మన అవ్వలు చెప్పిన జవాబు ఒకటి, ప్రభుత్వములు చెప్పిన జవాబు ఒకటి కలవు. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

హోసూరు పీఠభూమి సముద్రమట్టమునకు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. దాని దిగువన కృష్ణగిరి చుట్టునున్న నేలను పూర్వము బారామహల్ అనుచుండిరి. దక్షిణ పినాకిని ఈ సీమలగుండా పారుచున్నను, చాలభాగము మెట్టనేలయే. అందుచేత మన పూర్వులు నమ్ముకొన్నది రాగి, సామ, కొర్ర, ఉలవ, అనుము. ఇవి తక్కువ వానకు పండుటయే కాక, ఎక్కువ కాలము నిలుచును. రాగిగింజ మిక్కిలి చిన్నది, గట్టిది. ముక్కుపురుగు దానిలో దూరి గ్రుడ్లు పెట్టుకొనుటకు చోటుండదు. సామ, కొర్రలకు పొట్టు కవచము. దంపిన బియ్యమునకు ఆ కవచము లేదు. పిండి అంతకంటె అల్పాయువు. రాగులు ఏండ్ల తరబడి నిలువగలిగినను, రాగిపిండి అంత కాలము నిలువదు. కనుకనే మన ఇండ్లలో తెల్లవారుజామున తిరగలి పాట వినవచ్చుచుండెను. ఆ పూటకు కావలసినంత మాత్రమే విసరుకొనుట వారి వాడుక. తక్కినది గింజగానే ఉండవలెను.

ఇక పాతర సంగతి. గట్టి ఎర్రమట్టి గల మెరకనేలను ఎంచి, మనిషి దిగునంత ఇరుకైన నోటితోను, కాగు కడుపువలె విశాలమైన లోపలి భాగముతోను గొయ్యి త్రవ్వుదురు. లోపల గడ్డి మండించి తడి ఆర్చుదురు. అడుగునను చుట్టును ఎండుగడ్డి దట్టముగా పరచి, పంటికింద కటుక్కుమనునట్లు ఎండిన రాగులను నింపి, నోటికి రాతిపలక వేసి, బంకమన్నుతో మెత్తుదురు. వాననీరు నిలువకుండ పైని తిన్నె కట్టుదురు. లోపల చిక్కిన గాలిలోని ప్రాణవాయువును గింజలును పురుగులును క్రమముగా హరించి, బొగ్గుపులుసు గాలిని విడుచును. పురుగు ఊపిరాడక చచ్చును. నేటివారు గాలి చొరని సంచులలో చేయుచున్న పనిని మన పూర్వులు మట్టిలో చేసిరి. ఐతే ఆ గాలి మనిషికిని మృత్యువే. కనుక పాతర తెరచిన వెంటనే ఎవ్వరును దిగరాదు. కొంతసేపు విడిచి, త్రాటికి లాంతరు కట్టి దించి, దీపము ఆరకున్ననే మనిషిని దించుచుండిరి. ఈ జాగ్రత్త తప్పి ప్రాణములు పోయిన కథలు మా బాల్యమున వింటిమి.

పాతర విషయమున అన్నిటికంటె ముఖ్యమైన కట్టుబాటు మరియొకటి. తెరచిన పాతరను మరల మూయరు. గాలి సోకినపిమ్మట అందలి ధాన్యము పూర్వమువలె నిలువదు. కాబట్టి తెరచినవాడు తన కుటుంబమునకు చాలినంత గాదెకెత్తుకొని, మిగిలినదానిని బంధువులకు, ఇరుగుపొరుగులకు, పాలేర్లకు అప్పుగా ఇచ్చుచుండెను. వారు పంట చేతికి వచ్చినపుడు కొత్త గింజలు కొలిచి తీర్చుచుండిరి. ఆ కొత్త గింజలే మరల పాతరకు పోవును. పాత ధాన్యము ఆకలిగొన్నవాని కడుపులోనికి, కొత్త ధాన్యము నిలువలోనికి చేరును. దీనిని ధర్మకార్యమని మాత్రమే పొగడుట సత్యము కాదు. అప్పు తీర్చునపుడు వడ్డీ కింద అదనముగా కొలిపించుకొనినవారు కలరు. ఆ వడ్డీలో పొలము పోగొట్టుకొనినవారును కలరు. అయినను సరకు కదలుచుండెను. కుళ్ళిపోవువరకు దాచిన ధాన్యమువలన దాచినవానికిని లాభము లేదని ఆ కట్టుబాటే అందరికి నేర్పినది.

ఇంటిలోపల ఆడవారి గిడ్డంగి వేరు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టుట, పప్పులకు ఆముదము రాచుట, చింతపండు ఉప్పుతో కలిపి కుండలలో అదుముట, వంకాయలను, మామిడికాయలను కోసి వరుగులు చేయుట, అన్నియు ఒకే శాస్త్రములోని భాగములు. కాయ చవుకగా ఉన్న దినములలో దానిని ఎండించి, కూర దొరకని దినములకు ఉంచుకొనుట వారి లెక్క. మా అవ్వ వరుగుల కుండలో కొత్తవి పోయునపుడు పాతవానిని మొదట చేటలోనికి వంచి, కొత్తవి అడుగున పోసి, పాతవానిని పైన ఉంచెడిది. “పాతది ముందర తియ్యాల, కొత్తది వెనకాల వెయ్యాల” అని ఆమె చెప్పిన మాటను మేము అప్పుడు పట్టించుకొనలేదు. ఆ నిర్లక్ష్యమునకు తరువాత ఎట్టి మూల్యము చెల్లించితిమో ముందు మనవి చేయుదుము.

ఆ మాట రెండువేల యేండ్లనాటిదని మాకు చాల ఆలస్యముగా తెలిసినది. మైసూరు ప్రాచ్య గ్రంథాలయములో దొరికిన తాళపత్రప్రతిని పరిష్కరించి, పండిత ఆర్. శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రములో కోష్ఠాగారమును గూర్చిన ప్రకరణమొకటి ఉన్నది. నిలువచేసిన సరకులో సగమును ఆపదలో చిక్కిన ప్రజలకై ఉంచి, తక్కిన సగమును వాడుకొనవలెననియు, కొత్తది రాగానే పాతదానిని మార్చవలెననియు అందు చెప్పబడినది. కౌటిల్యుడు రాజునకు చెప్పిన నీతిని మా అవ్వ వరుగుల కుండ దగ్గర ఆచరించినది.

ఇప్పుడు చరిత్రలోనికి పోవుదము. 1791 మే నెలలో కారన్‌వాలిస్ ప్రభువు పెద్ద సేనతో శ్రీరంగపట్టణము దాపునకు చేరియు, తిండి లేక, బండ్లు లాగు ఎద్దులు చచ్చి, పెద్ద ఫిరంగులను తానే పాడుచేయించి వెనుదిరిగెను. సేన ఓడినది టిప్పు ఖడ్గమునకంటె ఖాళీ బస్తాలకని చెప్పవచ్చును. ఆ పాఠము తరువాతనే, ఆ సంవత్సరము జూలైలో ఇంగ్లీషువారు హోసూరును, రాయకోటను పట్టుకొనిరి. దిగువ సీమలనుండి కనుమదారిని ధాన్యము పైకి తెచ్చుకొనుటకు ఆ దుర్గములు తాళపు చెవులు. ఎద్దులమీద ధాన్యము మోసికొనిపోవు బంజారాలే ఆ సేనకు అన్నము పెట్టిరి. 1792 సంధితో బారామహల్, 1799లో టిప్పు మరణానంతరము హోసూరు సీమ కుంఫిణీవారి వశమాయెను.

తరువాత వచ్చినది ధాత కరవు. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, ఋతుపవనములు రెండును మొగము చాటుచేసెను. 1877లోను సకాలమున వానలు పడలేదు. మన సీమ అప్పుడు సేలము జిల్లాలోనిది. 1871 జనాభా లెక్కలలో ఆ జిల్లా ప్రజలు సుమారు 19 లక్షల 67 వేలు. 1881 నాటికి దాదాపు 16 లక్షలు. పెరుగవలసిన జనము పదేండ్లలో మూడున్నర లక్షలకు పైగా తరిగెను. అందరును ఆకలితోనే చావలేదు. కలరా, జ్వరములు కొందరిని, వలసలు కొందరిని తీసికొనిపోయెను. కాని వాని వెనుకనున్నది ఆకలియే.

పాతరలు ఏమాయెనని పాఠకులు అడుగవచ్చును. పాతర ఒక చెడ్డ సంవత్సరమును దాటించగలదు. వరుసగా పంటలు పోయిన, అది అడుగంటును. అప్పు తీసికొన్నవాడు కొత్త గింజలు తెచ్చి తీర్చలేడు. కొత్తది రానిదే పాతర నిండదు. పైగా అప్పటికి కాలము మారినది. 1864 నాటికే జోలార్‌పేటనుండి బెంగుళూరికి రైలు నడచుచుండెను. రైలు కరవు సీమలకు ధాన్యము తెచ్చిన మాట నిజమే. కాని రైలునకు జాలి లేదు. ఎక్కువ ధర ఎచ్చట ఉన్న అచ్చటికే ధాన్యము పోవును. కొనుటకు డబ్బు లేనివాని ఊరిలో రైలు స్టేషను ఉన్నను ఒకటే, లేకున్నను ఒకటే.

ఆ సంవత్సరములలో మద్రాసు సముద్రతీరమున ధాన్యపు బస్తాలు కొండలవలె పేర్చియుండెను. హూపర్ అను సైనికోద్యోగి తీసిన నాటి ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి. ఓడలు దించినంత వేగముగా రైళ్ళు లోపలి జిల్లాలకు మోయలేకపోయెను. తీరమున గుట్టలు, లోపల శవములు! మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు 30,000 టన్నుల ధాన్యమును ఒక వర్తకసంస్థ ద్వారా గుట్టుగా కొనిపించగా, వర్తకములో జోక్యము కూడదని లిట్టన్ ప్రభుత్వము మందలించెను. తరువాత వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి చిల్లర కిందికి తగ్గించెను. ఒక పౌను అనగా అరకిలోకంటె తక్కువ. రోజంతయు రాళ్ళు కొట్టువానికి అది చాలదని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించగా, 1877లోనే ఆ కూలిని పెంచవలసి వచ్చినది. సరకు చాలనప్పుడు పొదుపు వలసినదే. కాని మనిషి నిలువజాలనంత పొదుపు చేసి, తీరమున బస్తాలను వానకు ఎండకు విడిచిపెట్టుట ఎట్టి పొదుపు?

ఆ కరవు పిమ్మట విచారణ సంఘము కూర్చుండెను. 1880లో నివేదిక వచ్చెను. కరవు నిబంధనలు ఏర్పడెను. కరవు తగులు సీమలకు రైలు వేయవలెనని నిశ్చయించిరి. మనకు దక్కిన రెండు చిన్న రైళ్ళు అట్టివే. తిరుపత్తూరునుండి కృష్ణగిరికి 1905లోను, మొరప్పూరునుండి ధర్మపురికి 1906లోను, అచ్చటినుండి హోసూరికి 1913లోను ఆ ఇరుకు పట్టాల బండ్లు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, లాభము లేదని, ఇనుము కావలెనని, ఆ పట్టాలను ఊడదీసికొనిపోయిరి. 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము ఆగిపోయెను. 1943లో వంగదేశమున లక్షలమంది చచ్చిరి. కరవునకై వేసిన దారిని, మరల ధాన్యము కొరతపడు కాలమునకే పోగొట్టుకొంటిమి.

పిమ్మట వచ్చినది రేషను కాలము. తూకములు, చీట్లు, వరుసలు, వానితోపాటు చీకటి బజారు. ధాత కరవు ముగియుచున్న 1878 డిసెంబరు 10వ తేదీన హోసూరు దాపుననున్న తొరపల్లిలో మునసబుగారి యింట జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1952లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రియైరి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. ఆ సంవత్సరము జూన్‌లో వారు ఆహారధాన్యములపై కట్టుదిట్టములను ఎత్తివేసిరి. కేంద్ర ఆహారమంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్‌గారు వారిని బలపరచిరి. దాచిన ధాన్యము అంగళ్ళకు వచ్చినదని మా పెద్దలు చెప్పుచుండిరి. దీనినిబట్టి కట్టుదిట్టములు ఎప్పుడును కూడవని మేము అనము. నిలువ ఉన్నచోట విడుదల మేలు. నిలువ లేనిచోట పంపకము మేలు. 1965 జనవరిలో మద్రాసులోనే భారత ఆహార సంస్థ, 1972లో తమిళనాడు పౌర సరఫరాల సంస్థ ఏర్పడుట ఈ రెండవ అవసరమును గుర్తించుటవలననే. ఆ రెండు నియమములలో ఏది ఎప్పుడు వర్తించునో తెలియుటకు, గిడ్డంగిలో నిజముగా ఏమున్నదో తెలియవలెను.

ఇక్కడ మా తప్పును చెప్పుకొనవలెను. 1980వ దశాబ్ది ఆరంభమున, వానలు తప్పిన ఒక యేట, మేమొక దుకాణపు గిడ్డంగిలో పడుచు గుమాస్తాగా ఉంటిమి. బియ్యపు లారీలు ఎప్పుడు వచ్చునో తెలియకుండెను. పై అధికారి, “నలుబది బస్తాలు ముట్టవద్దు, అత్యవసరమునకు ఉండనీ” అని ఆజ్ఞాపించెను. మేము వెనుక గోడకు చేర్చి పేర్చియున్న నలుబది బస్తాలను ఆ లెక్కకింద ఉంచితిమి. తరువాత వచ్చిన ప్రతి లారీ సరకును గుమ్మము దగ్గర దించి, గుమ్మము దగ్గరనుండియే పంచితిమి. అది చేతికి సులభము. ప్రతి సాయంత్రము దస్త్రములో “నిలువ 40” అని వ్రాసితిమి. నాలుగు నెలలు ఒక్క అంకె తప్పలేదు.

ఒక వారము లారీ రాలేదు. వీధిలో వరుస పెరిగెను. వెనుక బస్తాలు తీయగా గోడ తేమకు అట్టలు కట్టి, పురుగు పట్టి, ముక్కిపోయి ఉండెను. నలుబదిలో పదునేడు పశువులకును పనికిరాలేదు. లెక్క తప్పలేదు, బియ్యమే తప్పినది. నాలుగు నెలలుగా “లేదు, పో అవ్వా” అని మేము త్రిప్పి పంపిన ఒక ముసలమ్మ ఆనాడును వరుసలో ఉండెను. ఆమె ఒక పిడికెడు బియ్యము వాసన చూచి, “మీరూ తినలేదు, మమ్మల్నీ తిననియ్యలేదు కదప్పా” అని గోనెసంచి మడుచుకొని వెళ్ళిపోయినది. అధికారి మమ్ము తిట్టిన తిట్లు మరచితిమి. ఆ మాటను మరువలేదు. మా అవ్వ చేటలోనికి వరుగులు వంచుకొను చిత్రము ఆ రాత్రి కన్నులకు కట్టినది. మరునాటినుండి ప్రతి బస్తాకు వచ్చిన తేదీని సున్నముతో వ్రాయించితిమి. గోడకు మూరెడు దూరమున, అడుగున కొయ్యపలకలు వేసి పేర్పించితిమి. అత్యవసరపు నలుబదిని ప్రతి లారీకిని మార్చితిమి. నిలువ నలుబదియే, బస్తాలు మాత్రము ఎప్పటికప్పుడు కొత్తవి.

ధాన్యమునకే ఇంత జాగ్రత్త కావలసిన, కాయకూరల మాట చెప్పనక్కరలేదు. ధాన్యము నెలలలో చెడును, టమాటా దినములలో చెడును, గులాబి గంటలలో వాడును. 2023 జూలైలో దేశమంతట కిలో టమాటా నూరు రూపాయలు దాటినపుడు రాయకోట మండీ వైపు అందరును చూచిరి. ధర ఇంకను పెరుగునని కాయలు ఆపుకొనినవారి బుట్టలు అడుగున నీరుకారెను. మరి రెండు నెలలకు ధర నేలకు దిగెను. చెడిపోవు సరకును కొరతలో ఆపువాడు జూదమాడువాడు. పందెము ఓడినపుడు ఇతరుల కూడు కూడ పోవును. 2020 మార్చిలో దేశము మూతపడినపుడు దీనికి విపరీతము చూచితిమి. హోసూరు తోటలలో గులాబీలు కోసి పారబోసిరి. పట్టణములలో కూరగాయలు దొరకక జనము అలమటించుచుండగా పొలములలో కాయలు మురిగెను. మద్రాసు తీరపు బస్తాలు మాకు మరల కన్పట్టెను. సరకు లేకపోవుట ఒక కొరత. ఉన్న సరకు కదలకపోవుట రెండవ కొరత. ఈ రెండవది మనుష్యుడు చేసినది కనుక మనుష్యుడే మాన్పగలడు.

ఇట్టి సరకునకు చుట్టుమార్గమే శత్రువు. 1999 జనవరిలో ఆంధ్రదేశమున రైతుబజార్లు, ఆ సంవత్సరము నవంబరులో మదురైలో ఉళవర్ సందై మొదలాయెను. తరువాత హోసూరునను ఆ సంత వెలసినది. తెల్లవారుజామున కోసిన కాయ మధ్యాహ్నములోపల ఇంటికి చేరుట దాని బలము. కృష్ణగిరి మామిడికి మరియొక ఉపాయము కలదు: పచ్చికాయ ఊరగాయకు, దోరకాయ దూరప్రయాణమునకు, మాగినది దగ్గరి సంతకు, మిగిలినది గుజ్జు కర్మాగారమునకు. ఒకే తోటలోని కాయను దాని ఆయువునుబట్టి నాలుగు దారుల పంపుటయే ఆ వర్తకములోని నేర్పు.

మా జీవితము నేర్పినదానిని ఇట్లు క్రోడీకరించుచున్నాము. ముందు చెడునది ముందు పోవలెను. పాతది ముందు, కొత్తది వెనుక. ఆపదకై కొంత ఉంచవలెను, కాని ఉంచినదానిని మార్చుచుండవలెను. కొరతలో ఒకరికి ఎక్కువ ఇచ్చి పదిమందిని త్రిప్పి పంపుటకంటె, పదకొండుగురికి కొంచెము కొంచెము ఇచ్చుట మేలు. లేనిదానిని ఉన్నదని చెప్పరాదు; ఉన్నదానిని లేదని అసలే చెప్పరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, దస్త్రమును చూచువాడు వారమునకొకమారు బస్తాలో చేయి పెట్టి చూడవలెను.

2023లో తమిళనాడు ప్రభుత్వము ధర్మపురి, నీలగిరి జిల్లాలలో రేషను బియ్యములో 2 కిలోలకు బదులు రాగులు ఇచ్చుట ఆరంభించినది. పాతరలు పూడిపోయినపిమ్మటనైనను రాగి మరల అంగడికి వచ్చినందుకు సంతసించితిమి. ఈ సీమ తెలుగు ఇండ్లలో పాతర, గాదె, వరుగు, తరుగు అను మాటలు ఇంకను కొందరి నోట ఉన్నవి. ఆ మాటలు పలుకు పెద్దలు మీ యింట ఉన్నచో, వారి ప్రక్కన కూర్చుండి ఒక పూట అడుగుడు: ఏ గింజ ఎన్నాళ్ళు నిలుచును, దేనికి బూడిద, దేనికి వేపాకు, కరవు యేట ఎవరికి ఎంత కొలిచిరి? వారు చెప్పినది వ్రాసి ఉంచుడు. ఆ జ్ఞానమును కూడ మేము గోడకు చేర్చిన బస్తాలవలె ముట్టక విడిచిన యెడల, కావలసిన నాటికి అది పనికిరాకపోవును.